మందుల్లేని మురుగు

ఆత్మకూరు శివారులో ఉన్న ఆ ప్లాంటును మురుగునీటిలోంచి మందుల అవశేషాలు తీసేయడానికి కట్టారు. కట్టిన ఏడాదికి, దానిలోకి వచ్చే మురుగులో మందుల్లేవని తేలింది.

సంగతి మొదట తెలిసింది ఏంజెలిన్‌కి. ఆమె అక్కడ కెమిస్టు. ఊరు ఉదయగిరి. వారమంతా ఆత్మకూరులో అద్దెగదిలో ఉండి శనివారం సాయంత్రం బస్సెక్కుతుంది. హైదరాబాదు ల్యాబు నుంచి వచ్చిన రిపోర్టు ఫోనులో చూసుకుని, శుద్ధయిన నీళ్లనే పొరపాటున రెండు సీసాల్లో నింపి పంపానేమో అనుకుంది. పొరపాటు జరగలేదు. లోపలికొచ్చే నీళ్లూ బయటికి పోయే నీళ్లూ ఒక్కలాగే ఉన్నాయి. రెండింట్లోనూ మందు లేదు.

మనిషి మింగిన మాత్ర అంతా ఒంటికి పట్టదు. కొంత బయటికొచ్చి మురుగులో కలుస్తుంది. నొప్పుల మాత్రైనా, ఫిట్స్ మాత్రైనా, యాంటీబయాటిక్ అయినా అంతే. మామూలు మురుగు ప్లాంటు మురికిని తీస్తుందిగాని వీటిని సరిగ్గా పట్టుకోలేదు. అందుకని స్వచ్ఛధార అనే పథకం కింద ఇక్కడ రెండు తొట్లు అదనంగా కట్టి, వాటి నిండా కొబ్బరి చిప్పల నుంచి తయారుచేసిన బొగ్గు పోశారు. నీళ్లు ఆ బొగ్గులోంచి దిగితే మందు బొగ్గుకు అంటుకుంటుంది. బొగ్గు సిద్ధంగా ఉంది. మందే రాలేదు.

ఎందుకు రాలేదో తెలుసుకోవడానికి గేటు దాటి రోడ్డు మీద నిలబడితే చాలు. రోడ్డుకు ఇవతల ప్లాంటు గోడ, అవతల కాలవ. ఆ కాలవ ఆస్పత్రుల సందు నుంచి వస్తుంది. కలువాయి ఊళ్లో జ్వరమైనా, సోమశిలలో నడుంనొప్పి అయినా చివరికి చేరేది ఆ సందుకే. రెండు ఆస్పత్రుల మధ్య ఖాళీ కనిపిస్తే అక్కడొక మందుల షాపు ఉంటుంది. అక్కడ వాడిన మందులో మనుషుల ఒంట్లో మిగలనిది కాలవలోకి దిగుతుంది. కాలవ ప్లాంటు ఎదురుగా నడిచి, ప్లాంటును దాటి, వాగులో పడుతుంది.

ప్లాంటులోకి వచ్చే పైపు మాత్రం ఆఫీసర్ల క్వార్టర్స్ నుంచి వేశారు. క్వార్టర్స్‌లో సగం ఇళ్లు ఖాళీ. మిగతా సగం ఎవరికి కేటాయించారో వాళ్లు రోజూ నెల్లూరు నుంచి వచ్చిపోతారు. పైపులో దిగేది కారే కుళాయిల నీళ్లే.

కాలవను ప్లాంటులో కలపడానికి కావలసింది రోడ్డు కింద నుంచి ఒక్క పైపు. అందుకు రోడ్డు తవ్వాలి. రోడ్డు కొత్తది, గ్యారంటీ గడువు తీరేదాకా దాన్ని ఎవరూ తవ్వరాదని రోడ్డు వాళ్లు జవాబిచ్చారు. గడువు మూడేళ్లు. ఏంజెలిన్ ప్రజల ఆరోగ్యం గురించి వివరంగా మళ్లీ రాసింది. గడువు మూడేళ్లని మళ్లీ జవాబొచ్చింది.

వాగు ఒడ్డున పెంచలమ్మ ఆకుకూరలు పండిస్తుంది. వాగు నీళ్లే తోడి పోస్తుంది, ఆమెకు వేరే నీళ్లు లేవు. పొద్దున్నే గంపతో వచ్చి ప్లాంటు గేటు దగ్గర కూర్చుంటుంది.

“ఏం పాపా, ఈపొద్దన్నా తీసుకుంటావా? చూడు, గోంగూర ఎట్టుండాదో.”

“నేను వండుకోనవ్వా. హోటల్లో తింటా.”

“హోటలోడు గూడా నా కాడే కొంటాడు.”

ఆ రోజు నుంచి ఏంజెలిన్ హోటల్లో పెరుగన్నం తింటోంది. నీళ్లలో ఉన్న మందు ఆకులోకి ఎక్కుతుందని ఆమెకు తెలుసు. ఆ మాట గేటు దగ్గర అంటే మర్నాటి నుంచి పెంచలమ్మ గంప ఎవరూ ముట్టుకోరు. అనకపోతే అందరూ ముట్టుకుంటారు. కాలవ ప్లాంటులోకి వస్తే ఏమీ అనాల్సిన పనే ఉండదు. ఆమెకు కావలసింది అదొక్కటే.

ప్రాజెక్టు డైరెక్టరు వెంకటరమణ రిపోర్టు చూసి ఆమెను పిలిపించాడు.

“ఏందమ్మా ఇది? మందులు లేవని రాసుండాడు?”

“లేవు సార్.”

“లేకుంటే మంచిదే గదా. మన ప్లాంటు గొప్పదనం కాదా అది?”

“లోపలికి రాకముందే లేవు సార్.”

వెంకటరమణ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. రిపోర్టు మారలేదు.

“వచ్చే గురువారం రేణుకాదేవి మేడం ఇన్‌స్పెక్షనుకు వస్తా ఉండాది. డబ్బులిచ్చినోళ్ల తరపున. మందు తీసినట్టు మనం చూపించకుంటే తొట్లు మూసేసి బొగ్గు ఇంకో ఊరికి తోలుకపోతారు. నీ ఉద్యోగం గూడా ఆ బొగ్గుతోనే.”

“ఎదురుగా ఉండే కాలవ కలిపితే…”

“మళ్లా కాలవ! రోడ్డు నా చేతుల్లో లేదమ్మా. నా చేతుల్లో ఉండేది చెప్తా విను. మందు రాకుంటే మందు పొయ్యాల.”

“సార్?”

“పప్పులో ఉప్పు తక్కువైతే ఏం చేస్తాం?”

“మందులు తీసేదానికని ప్లాంటు కట్టి, మళ్లా మనమే మందులు పోసేదేంది సార్?”

“పొయ్యకుంటే ఏం తీస్తావు నువ్వు?”

వెంకటరమణ ఆలోచన సిద్ధంగానే ఉంది. ఇళ్లలో మిగిలిపోయిన మందులు తెచ్చి ఇమ్మని జనాన్ని అడగాలి. ఆత్మకూరులో అడిగితే విలేకరులు పసిగడతారు కాబట్టి ఉదయగిరిలో అడగాలి. ఏంజెలిన్ వాళ్లమ్మ రెబెకమ్మ అక్కడ టీచరుగా చేసి రిటైరైంది, ఆమె మాట ఎవరూ తీసెయ్యరు. ఏంజెలిన్ సరేనంది. మిగిలిపోయిన మాత్రలు ఇళ్లలోంచి బయటికి రావడం మంచిదే. వచ్చాక వాటిని మురుగులో పోయడమా, కాల్చే చోటుకు పంపడమా అన్నది తర్వాత చూసుకోవచ్చు.

రెబెకమ్మ రిటైరై చాలాకాలమైనా ఉదయగిరి మొత్తాన్నీ మూడో తరగతి కిందే లెక్క వేస్తుంది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో బల్ల వేయించి, దాని మీద పొరుగింటి నీలం ప్లాస్టిక్ తొట్టి పెట్టించింది. పాస్టరయ్య మైకులో చెప్పడంతో చర్చికి రానివాళ్లు కూడా వచ్చారు. అందరి చేతుల్లోనూ బిస్కెట్ డబ్బాలున్నాయి.

ఉదయగిరిలో మాత్ర పారేసేవాళ్లు లేరు. డాక్టరు పది రాస్తే, నొప్పి తగ్గేదాకా మూడు వేసుకుని, ఏడు డబ్బాలో దాస్తారు. పొరుగింట్లో ఎవరికైనా నలతగా ఉంటే డబ్బా తీసి రంగు చూసి ఇస్తారు. కరివేపాకు అడిగితే ఇచ్చినట్టే ఇదీను. లేదనడం మర్యాద కాదు. ఇంతమంది డబ్బాలు ఒకచోట మూతలు తీయడం మాత్రం ఊళ్లో అదే మొదటిసారి.

రామలక్ష్మమ్మ ఒక పట్టీ తొట్లో వేసింది. వెనకే ఉన్న చెంచమ్మ దాన్ని తీసి చూసింది.

“ఏంది వదినా, ఈ ఎర్ర మాత్ర?”

“మోకాళ్లకు. రెండేసుకున్నా, తగ్గిపోయినాది. పారేసేదానికి మనసొప్పలా.”

“అయ్యో, మా ఆయనకి మోకాళ్లే గదా పీకతా ఉండేది! నేను తీసుకుంటా. బదులు గ్యాసుది ఇయ్యనా?”

“గ్యాసుదైతే ఇయ్యి. మా కోడలికి పనికొస్తాది.”

“చెంచమ్మా!” అని రెబెకమ్మ గదమాయించింది. “తొట్లో వెయ్యాల. తొట్లోంచి తియ్యగూడదు.”

“ఏసినాను గదా టీచరమ్మా. ఒకటేసి ఒకటి తీసుకున్నా.”

లెక్క ప్రకారం తప్పు లేదు. అది చూసి మిగతావాళ్లకు ధైర్యం వచ్చింది. వరస చెదిరి బల్ల చుట్టూ గుమిగూడారు. మాజీ గుమాస్తా వెంగయ్య ఒక పట్టీని ఎండలోకి ఎత్తి పట్టుకున్నాడు.

“ఈ పచ్చది దేనికి?”

“కళ్లు తిరిగితే ఏసుకునేది మామా,” అంది చెంచమ్మ.

“నాకు తిరగట్లేదే.”

“తిరిగేటప్పటికి ఉంటాది, తీసుకో.”

ఏంజెలిన్ బల్ల ముందుకొచ్చి, ఒకరికి రాసిన మందు ఇంకొకరు వేసుకోకూడదని గట్టిగా చెప్పింది. రామలక్ష్మమ్మ ఆమెను జాలిగా చూసింది.

“ఆ డాక్టరు ఎవురికైనా ఒకటే మందు రాస్తాడు పాపా. మేము మార్చుకుంటే తప్పొచ్చినాదా?”

మధ్యాహ్నానికి ఆవరణ ఖాళీ అయింది. తొట్లో ఖాళీ గ్రైప్‌వాటర్ సీసా, చెవిలో వేసుకునే చుక్కలమందు, ఎవరూ గుర్తుపట్టని తెల్లమాత్రల పట్టీ మిగిలాయి. ఆ పట్టీని కూడా వెంగయ్య ఎందుకైనా మంచిదని వెనక్కొచ్చి పట్టుకుపోయాడు. తొట్టిని పొరుగింటావిడ పట్టుకుపోయింది.

“ఎంతమంది వచ్చినారో చూసినావా?” అంది రెబెకమ్మ. “ప్రతి నెలా పెడదాం.”

సోమవారం ఏంజెలిన్ బస్సు కిటికీకి తల ఆనించి కూర్చుంది. ఆ దారిలో అది మంచిపని కాదు. రోడ్డుకు రెండు పక్కలా నిమ్మతోటలు. బోరు ఒక పక్క, తోట ఇంకో పక్క ఉన్న రైతు రోడ్డుకు అడ్డంగా పైపు పరిచి, బస్సు తొక్కినా పగలకుండా దాని మీద మట్టీ గ్రావెలూ పోసి గట్టు చేస్తాడు. ఎవరినీ అడగడు. ఎవరూ కాదనరు. కండక్టరుకు ఏ గట్టు ఎవరిదో తెలుసు.

“పెంచలయ్య గట్టొచ్చినాది, పట్టుకోండి!”

పట్టుకునేలోపే ఏంజెలిన్ తల కిటికీకి కొట్టుకుంది.

ఉదయగిరిలో ఏమీ దొరకలేదంటే వెంకటరమణ నొచ్చుకోలేదు. సాయంత్రానికి మందుల షాపు నుంచి అట్టపెట్టెలు ఆటోలో వచ్చి ల్యాబులో దిగాయి. అన్నీ గడువు తీరిన మందులు.

“ఒక్క మాటకే ఇచ్చినాడు,” అన్నాడు వెంకటరమణ. “వెనక్కి పంపే తలనొప్పి తప్పినాదంట. ఆటో బాడుగ గూడా ఆయనే పెట్టుకున్నాడు. రేపు పొడి కొట్టించి పోపించు. ఎల్లుండికి నీళ్లన్నీ కలిసిపోవాల.”

అట్టపెట్టెల మధ్య కూర్చుని ఏంజెలిన్ ఆలోచించింది. అవి పోస్తే బొగ్గు ఎంత పట్టుకుంటుందో, ఎంత వదిలేస్తుందో ఆమెకు తెలియదు. వదిలేసింది వాగులోకి, వాగులోంచి పెంచలమ్మ గోంగూరలోకి పోతుంది. పోయకపోతే ప్లాంటు మూతపడుతుంది, కాలవ ఎప్పటికీ వాగులోనే పడుతుంది. కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఆ కాలవే, కావలసినంత మందుతో, పారుతూ ఉంది.

మరుగుదొడ్ల గుంటలు తోడి, ఆ బురదను ప్లాంటు వెనక ఎండబెట్టే మడుల్లో పోసిపోయే కామయ్య ట్యాంకరుతో అప్పుడే గేట్లోంచి బయటికి పోతున్నాడు. ఏంజెలిన్ పరుగున వెళ్లి ఆపింది.

“కామయ్యా, రేపూ ఎల్లుండీ ట్యాంకరు నాకు కావాల. ఈ కాలవ తోడి లోపల పొయ్యాల.”

కామయ్య కాలవను చూశాడు, ఆమెను చూశాడు.

“గుంట నిండితే తోడిస్తారమ్మా. కాలవ ఎవురన్నా తోడిస్తారా? అది దానంతట అదే పోతా ఉండాది గదా.”

“అది పోయేది వాగులోకి. దాన్ని లోపలికి తేవాల.”

“అయితే బండి గేటు కాడ పెట్టి, పైపు రోడ్డుకడ్డం ఏస్తా.”

“బస్సులు తొక్కవా?”

“తొక్కతాయి. ఆ పైపు మళ్లా పనికిరాదు.” కామయ్య తల గోక్కున్నాడు. “అవతల పెట్టి తోడాల్సిందే. ఈడ బండి తిరగదు, బస్టాండు దాకా పోయి తిప్పుకొని రావాల.”

మంగళ, బుధవారాలు కామయ్య రోడ్డుకు అవతల ట్యాంకరు నింపుకుని, బస్టాండు దాకా పోయి, తిప్పుకుని వచ్చి, రోడ్డుకు ఇవతల ఖాళీ చేశాడు. పెంచలమ్మ గంప ముందు కూర్చుని చూస్తూనే ఉంది.

“ఏందిరా కామయ్యా, ఆడ తోడి ఈడ పోస్తా ఉండావు? పిచ్చి పట్టినాదా?”

“నాకెందుకు పడతాది అవ్వా? పొయ్యమన్నోళ్లనడుగు.”

గురువారం రేణుకాదేవి వచ్చింది. ఆమె నీళ్లు పట్టుకునే సీసాలు తనే తెచ్చుకుంది, తనే పట్టుకుంది. గేట్లోకి వస్తున్న ట్యాంకరును చూసి ఇదేమిటని అడిగింది.

“మొబైల్ ఇన్‌లెట్ మేడం,” అన్నాడు వెంకటరమణ. “దేశంలో ఇంకెక్కడా లేదు.”

అది నిజమే. రేణుకాదేవి రాసుకుంది.

ఆమె కారెక్కాక వెంకటరమణ గొంతు తగ్గించాడు. “ఎన్ని పెట్టెలు పోసినావమ్మా?”

“కావాల్సినంత మందు వచ్చింది సార్,” అంది ఏంజెలిన్.

ఈసారి రిపోర్టులో అన్నీ ఉన్నాయి. నొప్పుల మందు, ఫిట్స్ మందు, ఏంజెలిన్ ఊహించిన దానికన్నా ఎక్కువ యాంటీబయాటిక్కులు లోపలికి వచ్చాయి. బయటికి పోయిన నీళ్లలో వాటి జాడ వెతికితే తప్ప కనిపించలేదు. బొగ్గు పనిచేసింది. పథకం నిలిచింది. గేటుకు ఒక పక్క వెంకటరమణ బొమ్మతో ఫ్లెక్సీ కట్టారు. ఆయన ఎవరి చేతో సన్మానం చేయించుకుని వచ్చి, శాలువా కప్పుకునే ఏంజెలిన్‌ను పిలిచాడు.

“పెట్టెలు విప్పలేదని నేనూ చూసినాలే. ఇంక ట్యాంకరు నిలిపేయమ్మా.”

“కాలవ ఎట్టా వస్తాది సార్?”

“ప్లాంటు పనిచేస్తాదని రుజువైపోయినాది గదా. ఇంక రోజూ ఎందుకు? శాంపిలు తీసే రోజు తెప్పించు, చాలు.”

“మిగతా రోజుల్లో?”

“మిగతా రోజుల్లో శాంపిలు తియ్యం గదమ్మా,” అన్నాడు వెంకటరమణ ఓపిగ్గా.

మర్నాటి నుంచి బొగ్గు మళ్లీ క్వార్టర్స్ నీళ్లు తాగింది. కాలవ మళ్లీ వాగులో పడింది. ఆ శనివారం ఏంజెలిన్ బస్సులో కిటికీకి దూరంగా కూర్చుంది.

“పెంచలయ్య గట్టొచ్చినాది, పట్టుకోండి!”

అందరూ పట్టుకున్నారు. ఏంజెలిన్ మాత్రం సీట్లోంచి లేచి, వంగి, వెనక్కి పోతున్న గట్టును కనబడినంతసేపు చూసింది. కండక్టరు ఆమె ఏదో పారేసుకుందనుకుని బెల్లు కొట్టబోయాడు.

సోమవారం రోడ్డు వాళ్లకు ఆమె మళ్లీ రాసింది. ఈసారి మురుగు గురించి, మందుల గురించి ఒక్క ముక్క లేదు. ప్లాంటులోకి ట్యాంకర్లు మలుపు తిరుగుతున్నాయి, వచ్చే బండ్లు వేగంగా వస్తున్నాయి, గేటు ముందు స్పీడ్ బ్రేకరు కావాలి, సామాన్లు మేమే ఇస్తాం అని రాసింది. ఆ చుట్టుపక్కల స్పీడ్ బ్రేకరు కాదన్న అధికారిని ఎవరూ చూడలేదు. గ్యారంటీ గడువు సంగతి ఒకరు లేవనెత్తారట గాని, రోడ్డు మీద వేసేది తవ్వడం కిందికి రాదని పైవారు తేల్చారు. వారం తిరక్కుండా అనుమతి వచ్చింది.

కామయ్య ఎక్కడి నుంచో మందపాటి ఇనుపపైపు తెచ్చి రోడ్డుకు అడ్డంగా పరిచాడు. ఒక కొస కాలవలోకి, ఒక కొస గోడ కన్నంలోంచి లోపల కొత్తగా బిగించిన మోటారు దగ్గరికి. తారు పోయడానికి వచ్చిన మేస్త్రీ నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

“లోపల పైపేందమ్మా?”

“స్పీడ్ బ్రేకరు కుంగిపోకుండా.”

మేస్త్రీ కాసేపు పైపును చూశాడు. తర్వాత కాలవను చూశాడు. అతనికీ నిమ్మతోట ఉంది.

“గట్టు కొంచెం ఎత్తుగా పోస్తాలే,” అన్నాడు.

వెంకటరమణకు సంగతి తెలియడానికి పది రోజులు పట్టింది. బొగ్గు తొట్టి నిండుగా పారుతుంటే చూసి, ట్యాంకరు ఏదని అడిగాడు. ఏంజెలిన్ మోటారు చూపించింది.

“రోడ్డు తవ్వలా సార్.”

ఆయన గేటు బయటికి వెళ్లి స్పీడ్ బ్రేకరు మీద నిలబడి అటూ ఇటూ చూశాడు. “నాకేం తెలీదు,” అని కారెక్కాడు. నెల తర్వాత విజయవాడ మీటింగులో ‘రోడ్డు తవ్వకుండా మురుగు మళ్లింపు’ అని బొమ్మలతో సహా ఆయనే వివరించాడు. అట్టపెట్టెలు ల్యాబులోనే ఉన్నాయి. వాటిని కాల్చే చోటుకు పంపే అనుమతి ఇంకా రాలేదు. వెనక్కి తీసుకెళ్లమంటే షాపాయన ఫోనెత్తడం లేదు.

ఉదయగిరి బస్సు ఇప్పుడు ఆత్మకూరు చేరేముందు ఇంకోసారి ఎగురుతుంది. “కెమిస్టమ్మ గట్టొచ్చినాది, పట్టుకోండి!” అని కండక్టరు అరుస్తాడు.

ఆ అరుపు మొదటిసారి విన్న సోమవారం ఏంజెలిన్ గేటు దగ్గర ఆగి, పెంచలమ్మ గంప ముందు కూర్చుంది. పెంచలమ్మ మొహం ముడుచుకుని ఉంది.

“ఏం చేసినారో ఏమో పాపా, వాగు నీళ్లల్లో బలం పోయినాది. ముందర ఆకు చెయ్యంత వచ్చేది. ఇప్పుడు చూడు, ఎట్టా గిడసబారిపోయినాదో.”

“రెండు కట్టలియ్యవ్వా.”

“బాగున్నన్నాళ్లూ మొహం తిప్పుకొనిపోయి, ఇప్పుడు కావాలా నీకు?”

“ఇప్పుడే కావాల.”

పెంచలమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. గంపంతా కలబెట్టి, ఉన్నవాటిలో చిన్న కట్టలు రెండు తీసిచ్చింది.